రక్తశుద్ధికి దారి ఏది?
వృద్ధ రోగులకు డయాలసిస్ ద్వారమును ఎన్నుకొనుట

హైదరాబాదులో కృష్ణానగర్ వీధులను తెల్లవారుజామున చూచినవారికి ఒక దృశ్యము బాగుగా తెలిసియుండును. షూటింగులకు పోవలసిన జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, దర్జీలు, సెట్టు వడ్రంగులు టీకొట్ల యెదుట చేరి, తమను తీసికొనిపోవు బండ్లకై ఎదురుచూచుచుందురు. తెలుగు చిత్రపరిశ్రమ మదరాసు వదలి క్రమముగా హైదరాబాదు చేరిన దశాబ్దములలో ఇచ్చట గది అద్దెకు తీసికొని నిలిచిపోయిన యువకులు నేడు వృద్ధులైనారు. వారిలో మూత్రపిండములు చెడినవారికి తెల్లవారుజామున ఇప్పుడు మరియొక ప్రయాణమున్నది. వారమునకు రెండు మూడు మారులు పంజగుట్టలోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ వంటి ఆసుపత్రికి పోయి, నాలుగేసి గంటలు యంత్రము ప్రక్కన పడుకొని, రక్తమును శుభ్రపరచుకొని రావలెను. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకము మూలముగా ఈ చికిత్స పేదవారికి కూడ కొంత అందుబాటులోనికి వచ్చినది.

డయాలసిస్ మొదలుపెట్టవలసిన ప్రతి వృద్ధుని ఇంటిలోను ఒక ప్రశ్న పుట్టును. “చేతికి ఫిస్టులా చేయించవలెను” అని వైద్యుడు చెప్పును. “ఈ వయస్సులో నాన్నకు ఇంకొక ఆపరేషనా డాక్టరుగారూ? మెడలో గొట్టము పెట్టినారు గదా, దానితోనే జరిపించరాదా?” అని కూతురో కొడుకో అడుగుదురు. ఇది తెలియక అడిగిన ప్రశ్న కాదు. ప్రపంచములోని మూత్రపిండ వైద్యులందరు ఇరువది ఏండ్లుగా తర్కించుచున్న ప్రశ్నయే. దానికి సమాధానము తెలియవలెనన్న, మొట్టమొదట యంత్రమునకు ఏమి కావలెనో తెలిసికొనవలెను.

యంత్రము అడుగునది ఎంత?

డయాలసిస్ యంత్రము సాధారణముగా నిమిషమునకు 300 మిల్లీలీటర్ల రక్తమును శరీరమునుండి తీసికొని, సన్నని కృత్రిమ నాళికల గుండా పోనిచ్చి, మలినములను తొలగించి తిరిగి పంపును. నాలుగు గంటలకు లెక్క వేసినచో ఇది 72 లీటర్లు. మన శరీరములోని రక్తము సుమారు 5 లీటర్లే. అనగా ఒక్కొక్క విడతలో ఉన్న రక్తమంతయు దాదాపు పదునాలుగు మారులు యంత్రమును చుట్టివచ్చుచున్నదన్నమాట.

ఇంత రక్తమును ఎచ్చటనుండి తీయవలెను? ముంజేతిపై నీలముగా కనుపించునవి సిరలు. రక్తపరీక్షకు 5 మిల్లీలీటర్లు తీయుటకు అవి చాలును. కాని నిమిషమునకు 300 చొప్పున లాగినచో వాటి పలుచని గోడలు ఒకదానికొకటి అతుక్కొనిపోవును. ఊటలేని బోరుబావికి ఎంత పెద్ద మోటారు బిగించినను ఏమి ప్రయోజనము? గుండెనుండి రక్తమును మోసికొనివచ్చు ధమనులలో ఒత్తిడి కావలసినంత ఉన్నది. కాని అవి లోతుగా ఉండును. మాటిమాటికి వాటిని గ్రుచ్చుట ప్రమాదకరము. వారమునకు మూడు విడతలైనచో ఏడాదికి 156 విడతలు. విడతకు రెండు సూదులు. అనగా 312 గ్రుచ్చుళ్లు. కావున సిరవలె పైకి అందుచు, ధమనివలె జోరుగా పారుచు, వందలకొలది గ్రుచ్చుళ్లకు ఓర్చుకొను ఒక మార్గము కావలెను. వైద్యులు దీనిని వాస్క్యులర్ యాక్సెస్ అందురు. మనము రక్తద్వారమని పిలుచుకొందము.

ద్వారము దొరకని దినములు

డయాలసిస్ చరిత్రలో యంత్రముకంటె ద్వారమే ఎక్కువ చిక్కు పెట్టినది. నెదర్లాండ్సు దేశమున కాంపెన్ పట్టణములో విలెం కాల్ఫ్ అను వైద్యుడు 1943లో, యుద్ధకాలపు కొరతల నడుమ, తిరుగుడు పీపా చుట్టు సెల్లోఫేను గొట్టమును చుట్టి మొదటి యంత్రమును నడిపెను. ఆయన తొలి రోగి 29 ఏండ్ల యువతి. ప్రతిమారు ఒక క్రొత్త రక్తనాళమును కోసి తెరవవలసివచ్చెడిది. పండ్రెండు విడతల తరువాత తెరచుటకు నాళము మిగులలేదు, ఆమె మరణించెను. యంత్రము పనిచేయుచునే యున్నది; దారి మూసికొనిపోయినది. 1945లో కాల్ఫ్ యంత్రము మొదటిసారిగా ఒక ప్రాణమును నిలిపినది. ఆ రోగి 67 ఏండ్ల వృద్ధురాలు. వృద్ధులకు డయాలసిస్ ఎందుకను వారు ఈ సంగతిని గుర్తుంచుకొనదగును.

ఆమె జబ్బు తాత్కాలికము. యంత్రమును కలకాలము ఆశ్రయింపవలసిన అవసరము కలుగలేదు. మూత్రపిండములు శాశ్వతముగా చెడినవారికి 1960 వరకు దారి లేకపోయినది. ఆ సంవత్సరము అమెరికాలోని సియాటిల్ నగరమున బెల్డింగ్ స్క్రిబ్నర్ అను వైద్యుడు ముంజేతి ధమనిలో ఒకటి, సిరలో ఒకటి టెఫ్లాను గొట్టములను అమర్చి, చర్మమునకు వెలుపల వాటిని కలిపియుంచెను. ఆ విధముగా చికిత్స పొందిన తొలి రోగి క్లైడ్ షీల్డ్స్ మరి పదునొకండేండ్లు జీవించెను. అయినను వెలుపలి గొట్టములలో రక్తము గడ్డకట్టుట, చీముపట్టుట తప్పలేదు.

గాయములవలన ధమనియు సిరయు కలిసిపోయిన చోట సిర ఉబ్బి బలియుట వైద్యులకు అంతకుముందే తెలిసినదే. న్యూయార్కు నగరములో బ్రెసియా, సిమినో అను వైద్యులును వారి సహచరులును ఆ నష్టమునే లాభముగా మార్చిరి. మణికట్టువద్ద ధమనిని సిరతో కావలెననియే కుట్టివేసి, ఆ ఫలితములను 1966లో ప్రకటించిరి. నేటికిని శ్రేష్ఠమైనదిగా ఎన్నబడు ఫిస్టులా అదియే.

మూడు ద్వారములు

మొదటిది ఫిస్టులా. మణికట్టువద్ద ధమనిలో మామూలుగా నిమిషమునకు 20, 30 మిల్లీలీటర్ల రక్తమే ప్రవహించును. దానిని సిరతో కలిపిన వెంటనే ప్రవాహము 200, 300కు పెరుగును. వారములు గడచినకొలది 600కు మించును. ఆ జోరుకు సిర వెడల్పై, గోడలు దళసరియగును. దీనిని ‘పండుట’ అందురు. పండినదా లేదా యని తెలిసికొనుటకు వైద్యులకు ఒక ఆరుల లెక్క గలదు: ప్రవాహము నిమిషమునకు 600 మిల్లీలీటర్లు, సిర వెడల్పు 6 మిల్లీమీటర్లు, చర్మమునకు దిగువ లోతు 6 మిల్లీమీటర్లకు మించకుండుట, ఈ మూడును చూచుటకు గడువు 6 వారములు. పరాయి వస్తువేదియు శరీరములో ఉండదు గనుక దీనికి చీముపట్టుట అరుదు. బాగుగా పండినచో ఏండ్ల తరబడి పనిచేయును.

రెండవది గ్రాఫ్టు. సిరలు సన్నగా ఉన్నవారికి ధమనికిని సిరకును నడుమ చర్మము క్రింద ఒక మెత్తని కృత్రిమ గొట్టమును అమర్చుదురు. ఇది టెఫ్లాను జాతికి చెందిన పదార్థము. పండవలసిన పని లేదు. రెండు మూడు వారములలో వాడవచ్చును. కాని ఫిస్టులాకంటె త్వరగా ఇరుకగును. గడ్డలు కట్టి మూసికొనిపోవును. మరల మరల బాగుచేయవలసి వచ్చును.

మూడవది కాథెటరు. మెడలోని పెద్ద సిరగుండా గుండె కుడిగది వరకు పోవు గొట్టమిది. అత్యవసరమున పెట్టునది కొద్ది దినములకు మాత్రమే. ఎక్కువకాలము ఉంచదలచినచో దానిని చర్మము క్రింద సొరంగమువలె కొంతదూరము నడిపి రొమ్ముపై వెలుపలికి తీయుదురు. పెట్టిన దినముననే వాడవచ్చును, సూదిపోటు లేదు. కాని వెలుపలి ప్రపంచమునుండి గుండెలోనికి తెరచియుంచిన తలుపు వంటిది. ఆ త్రోవను సూక్ష్మజీవులు ప్రవేశించినచో నేరుగా రక్తములో కలియును. డయాలసిస్ జరుగుచుండగా చలి, వణకు, జ్వరము వచ్చుట దీనికి ముఖ్యమైన గుర్తు. దీర్ఘకాలము ఉన్న గొట్టము పెద్ద సిరలను ఇరుకు చేయుట మరియొక కీడు.

ముదిమి తెచ్చు చిక్కు

ఈ వర్ణన చదివినవారు ఫిస్టులాయే అందరికిని తగినదని వెంటనే తేల్చివేయుదురు. 2003లో అమెరికాలో ‘మొదట ఫిస్టులా’ అను పేరుతో ఒక ఉద్యమమే సాగినది. కాని అనుభవము మరియొక పాఠము నేర్పినది. ఆ దేశముననే 2008లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, క్రొత్తగా చేసిన ఫిస్టులాలలో సుమారు 60 శాతము నాలుగైదు నెలల తరువాత కూడ డయాలసిస్‌కు సరిపడునట్లు పండలేదు. అందు పాల్గొన్నవారందరు వృద్ధులు కారు. వృద్ధులలో ఈ చిక్కు మరింత హెచ్చు.

కారణము గ్రహించుట కష్టము కాదు. ఫిస్టులా పండుట శరీరము చేయు పని. శస్త్రవైద్యుడు కుట్టి వదలును, అంతే. ప్రవాహము పెరిగినప్పుడు ధమని సాగవలెను, సిర బలియవలెను. ఏండ్ల తరబడి మధుమేహము, రక్తపుపోటు ఉన్నవారి ధమనులలో సున్నము పేరుకొని గట్టిపడియుండును, అవి సాగవు. సిరలు వెనుకటి సూదిపోట్లతో మచ్చలు కట్టియుండును. గుండె బలహీనమైనచో కొత్తగా ఏర్పడిన అడ్డదారికి అదనపు రక్తమును నెట్టుట దానికి భారమగును. ధమనిలోని రక్తము అడ్డదారిన పోయినందున వ్రేళ్లకు చాలక, అవి చల్లబడి నొప్పిపెట్టుటయు గలదు. మధుమేహ రోగులలో ఇది ఎక్కువ.

వీటన్నిటికంటె సున్నితమైనది కాలపు లెక్క. ఫిస్టులా పండుటకు రెండు మూడు నెలలు పట్టవచ్చును. పండనిచో రెండవ ఆపరేషను, మరికొన్ని నెలలు. అంతవరకు గొట్టము ఎట్లును ఉండవలసినదే. ఇరువది ఏండ్లు జీవింపగల యువకునికి ఈ పెట్టుబడి తప్పక ఫలించును. మరి ఒకటి రెండు సంవత్సరములే ఆశించదగిన వృద్ధునికి? పంట చేతికి రాకమునుపే ఋతువు గడచిపోవచ్చును.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. గొట్టముతో డయాలసిస్ చేయించుకొనువారు ఫిస్టులా ఉన్నవారికంటె త్వరగా మరణించుచున్నారని లెక్కలు చెప్పును. అందు నిజమున్నది. కాని ఆ రెండు గుంపులు సమానమైనవి కావు. ఆరోగ్యముగా, నాళములు బాగుగా ఉన్నవారికే ఫిస్టులా కుదురును. మిక్కిలి నీరసించినవారికి గొట్టము మిగులును. కనుక మరణములలో కొంత భాగము గొట్టమువలన, కొంత భాగము ముందేయున్న జబ్బులవలన. ఈ రెంటిని విడదీయక ప్రతి వృద్ధునికిని ఫిస్టులా విధించుట శాస్త్రీయము కాదు. వృద్ధుడు గదాయని గొట్టముతో సరిపెట్టుటయు శాస్త్రీయము కాదు.

ముగ్గురు మనుష్యులు, మూడు సమాధానములు

ఊహకు ముగ్గురిని తీసికొందము. కృష్ణానగర్ సందులలో ఇటువంటివారు కనబడకపోరు.

మొదటివాడు 68 ఏండ్ల దర్జీ. సినిమా దుస్తులు కుట్టి కుటుంబమును పోషించినవాడు. మధుమేహము లేదు, గుండె బాగున్నది. మూత్రపిండములు మెల్లగా క్షీణించుచున్నవి. డయాలసిస్‌కు ఇంకను కొన్ని నెలలు పట్టును. అల్ట్రాసౌండు పరీక్షలో ముంజేతి సిర, ధమని తగినంత వెడల్పుగా కనుపించినవి. ఇతనికి ఇప్పుడే ఎడమచేతికి ఫిస్టులా చేయుట ఉత్తమము. కత్తెర పట్టు కుడిచేయి స్వేచ్ఛగా ఉండును. యంత్రము అవసరమగునాటికి ద్వారము సిద్ధముగా ఉండును. మెడలో గొట్టమే అవసరముండదు. అరువది దాటినవాడని ఇతనికి ఫిస్టులా నిరాకరించుట అన్యాయము.

రెండవ ఆమె 76 ఏండ్ల మాజీ జూనియర్ ఆర్టిస్టు. ముప్పది ఏండ్ల మధుమేహము. ఊపిరాడక అర్ధరాత్రి ఆసుపత్రిలో చేరి, మెడలో గొట్టముతో డయాలసిస్ మొదలుపెట్టినది. మణికట్టు ధమని సున్నముతో గట్టిపడినది. అచ్చట ఫిస్టులా చేసినచో పండుట సందేహమే. మోచేతికి పైన, పెద్ద నాళములవద్ద ఫిస్టులా చేయుట ఒక మార్గము. గ్రాఫ్టు అమర్చి త్వరలో గొట్టమును తీసివేయుట మరియొక మార్గము. గొట్టముతో గడుపవలసిన దినములు ఎంత తగ్గునో, వ్రేళ్లకు రక్తము చాలునో లేదో చూచి నిర్ణయింపవలెను. ఉదరములోని పొరద్వారా ఇంటివద్దనే జరుపు డయాలసిస్ ఆమెకును, ఇంటివారికిని అనుకూలమైనచో, దానికి రక్తద్వారమే అవసరము లేదు.

మూడవవారు 84 ఏండ్ల పెద్దమనిషి. గుండె మిక్కిలి బలహీనము. మంచము దిగుట కష్టము. ఇతనికి ఫిస్టులా గుండెభారమును పెంచవచ్చును; అది పండునాటికి ఇతడుండునో లేదో చెప్పరాదు. డయాలసిస్ కోరుకొన్నచో జాగ్రత్తగా చూచుకొను సొరంగపు కాథెటరే తగినది కావచ్చును. అసలు డయాలసిస్ వద్దని, ఆయాసము, దురద, నొప్పి తగ్గించు మందులతో ఇంటివారి నడుమ గడుపుదునని ఆయన అన్నచో, అదియు వైద్యశాస్త్రము అంగీకరించిన మార్గమే. దానిని ఓటమిగా భావింపరాదు. ఆ మాట ఆయన నోటినుండి రావలెను. కొడుకులు, కూతుళ్లు ఆయన పరోక్షమున తేల్చివేయరాదు.

అమెరికా మూత్రపిండ సంఘము వారి 2019 మార్గదర్శక సూత్రములు కూడ ఈ త్రోవనే పట్టినవి. అందరికి ఒకే ద్వారమని కాక, తగిన రోగికి, తగిన సమయమున, తగిన కారణముతో, తగిన ద్వారము అని అవి చెప్పుచున్నవి. ఒక ద్వారము చెడినచో తరువాతిది ఏదో ముందే ఆలోచించియుంచవలెననియు అందు గలదు. వయస్సు ఒక అంకె మాత్రమే. ద్వారమును నిర్ణయించునవి నాళములు, గుండె, మిగిలియున్న కాలము, రోగి కోరిక.

సిరలు తరుగని ఆస్తి కావు

ఇంతవరకు చెప్పినది వైద్యులు నిర్ణయించునది. పాఠకులు తమంతట తాము చేయగలిగినది ఒకటున్నది. అది చాల విలువైనది.

మన పేటలలో ఒంటిలో నీరసమనిపించగానే సమీపమున ఉన్న క్లినిక్కునకు పోయి ‘సెలైను ఎక్కించుకొనుట’ అలవాటు. రెండు షిఫ్టులు పనిచేసి అలసినవారు దీనిని టానిక్కువలె భావింతురు. మంచినీటితో, ఆహారముతో, విశ్రాంతితో తీరు అలసటకు సెలైను అవసరము లేదు. గ్రుచ్చిన ప్రతి సిర కొంత దెబ్బతినును. కొన్ని శాశ్వతముగా మూసికొనును. మూత్రపిండములు చెడుచున్నవారికి ఆ అదనపు నీరు, ఉప్పు ఊపిరితిత్తులలో చేరి ప్రమాదము తెచ్చుట మరియొక సంగతి. నలుబదియవ ఏట వృథాగా పోగొట్టుకొన్న సిర డెబ్బదియవ ఏట ప్రాణమునకు దారి కావలసియుండెను.

మూత్రపిండముల జబ్బు ఉన్నదని తెలిసిన దినమునుండి, ముఖ్యముగా పని తక్కువ చేయు చేతి ముంజేతిని, మోచేతిని కాపాడుకొనవలెను. రక్తపరీక్షకుగాని, సెలైనుకుగాని అరచేతి వెనుక పంజామీది సిరలను వాడుమని నర్సును కోరవచ్చును. “నాకు కిడ్నీ జబ్బున్నదమ్మా, ఈ చేయి వద్దు” అని చెప్పుటకు సంకోచింపనక్కరలేదు. ఆ ఒక్క మాట ఒక ఆపరేషనును తప్పించగలదు.

ఫిస్టులా ఉన్నవారు ప్రతి ఉదయము దానిపై వ్రేళ్లుంచి చూచుకొనవలెను. లోపల సన్నని గిలగిల తగులును. చెవి యానించినచో రొద వినబడును. అది ప్రవాహము సాగుచున్నదనుటకు గుర్తు. హఠాత్తుగా ఆ గిలగిల ఆగినచో మరునాటికి వాయిదా వేయక కొద్ది గంటలలో ఆసుపత్రికి పోవలెను. ఆలస్యమైనకొలది దానిని తెరచుట కష్టము. ఆ చేతికి రక్తపుపోటు పట్టీ చుట్టనీయరాదు, రక్తము తీయనీయరాదు, బిగుతైన గాజులు, గడియారము తొడుగరాదు, తలక్రింద పెట్టుకొని నిద్రింపరాదు. సూది గ్రుచ్చిన చోట రక్తము కారినచో తువ్వాలు చుట్టి దాచుట కాక, సరిగా ఆ బిందువుపై వ్రేలితో గట్టిగా అదిమి సహాయము పిలువవలెను. గొట్టమున్నవారు కట్టును తడవనీయరాదు. తలస్నానమునకు ముందు నర్సును అడిగి పద్ధతి నేర్చుకొనవలెను. చలిజ్వరము వచ్చినచో జ్వరపు బిళ్లతో సరిపెట్టుకొనరాదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. “మెడలో గొట్టముతోనే జరిపించరాదా?” అని కూతురు అడిగినప్పుడు ‘సరే’ అనుటయు, ‘కాదు’ అనుటయు సమాధానము కాదు. ఆమె మరి నాలుగు ప్రశ్నలు అడుగవలెను. నాన్న నాళములు అల్ట్రాసౌండులో ఎట్లున్నవి? ఆయన గుండె ఎంత భారము మోయగలదు? ఫిస్టులా చేసినచో అది పండుటకు ఎంతకాలము పట్టును, అంతవరకు ఏమి చేయుదుము? అన్నిటికంటె ముందు, ఈ సంగతులన్నియు విన్న తరువాత నాన్న ఏమనుచున్నాడు? ఈ నాలుగింటికి సమాధానములు దొరికిననాడు దారి ఏదో దానంతట అదే తెలియును.